గది చాలక

ఇత్తడి దీపస్తంభాన్ని చింతపండుతో తోమించాలి. పాత బడి మట్టిగోడకు పెళ్ళలు రాలకుండా సున్నం వేయించాలి. లేత కొబ్బరాకు తోరణాలు పదకొండో తరగతి ఆడపిల్లలకు అప్పజెప్పాలి. అతిథుల కుర్చీలకు తెల్లబట్టలు కప్పించాలి. పాలన్నానికి బియ్యం, కొబ్బరికాయలు, వాటిని తురమడానికి మనుషులు. మైకు. టికిరి మెనికే ఆచ్చిని కొండ మీది ఇంటి నుంచి దించడానికి కారు, ఆమెను కారెక్కించడానికి ఇద్దరు బలమైన వాళ్ళు. బడి చరిత్ర వ్యాసంలో ఆఖరి పేరా. శుభఘడియ ఎప్పుడో జ్యోతిష్కుడిని మరోసారి అడిగి రూఢి చేసుకోవాలి. పొలం దాటి వెళ్ళి హంసమాలికి చెప్పాలి.

మంగళవారం పొద్దుటికి ఆఖరి పని తప్ప మిగతావన్నీ అయిపోవడమో, అయ్యే దారిలో పడడమో జరిగింది. సువినీతా టీచర్ ఆ ఒక్కదాన్నీ పక్కన పెట్టి, తోమిన దీపాన్నే మళ్ళీ తోమిస్తూ నిలబడింది. దీపం మీది కోడిపుంజు రెక్కల సందుల్లో ఇంకా పచ్చగా చిలుము ఉందని పిల్లలను కోప్పడింది. తర్వాత చెయ్యి కడుక్కుని ప్రిన్సిపల్ గదిలోకి వెళ్ళింది.

విమలదాస సార్ బల్ల మీద తెల్లచొక్కా పరుచుకుని గుండీలు సరిచూసుకుంటున్నాడు. శుక్రవారం బడికి నూట ఇరవై అయిదేళ్ళ పండుగ. ఆ చొక్కా దానికోసమే.

"సార్, ఆ అయిదో ఒత్తి సంగతి..."

"మళ్ళీ అదేనా టీచర్? నిన్ననే తేలిపోయిందిగా."

"ఈ బడిలో ఏ పండుగ జరిగినా, పెద్ద పరీక్షలో మొదట వచ్చినవాళ్ళే ఆఖరి ఒత్తి వెలిగిస్తారు సార్. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ చూస్తున్నాను. ఈ ఏడు హంసమాలి వచ్చింది. బడికే కాదు, జిల్లాకే మొదటిది."

"ఎవరు కాదన్నారు? పేరు మైకులో చదువుదాం. చప్పట్లు కొడదాం. నాట్యం చేసే పిల్లల్లో ముందు వరసలో నిలబెట్టండి. ఎంత బాగా ఆడుతుంది! వాళ్ళకది రక్తంలోనే ఉంది కదా." సార్ ఒక గుండీ ఊడేలా ఉందని పట్టి లాగి చూశాడు. "టికిరి మెనికే ఆచ్చికి తొంభై రెండు. మన పాత విద్యార్థుల్లో అందరికంటే పెద్దావిడ. ఏకనాయక ముదలాలి మనవరాలు ఈ ఏడే ఒకటో తరగతిలో చేరింది. ముసలి చెయ్యి, పక్కనే పసి చెయ్యి. ఫోటో ఎలా ఉంటుందో ఊహించండి ఒకసారి."

"ముదలాలి ఏమన్నా అన్నారా సార్?"

"ఛ, ఛ. ఆయన నోట చెడ్డమాట రాదు. తన డబ్బుతో కడుతున్న కొత్త భవనానికి పైకప్పు ఇంకా మిగిలి ఉందని గుర్తుచేశాడు, అంతే. పొలం అవతలి వాళ్ళ గురించి ఒక్క ముక్క అనలేదు."

పొలం అవతలి వాళ్ళ ఊసు తాను ఎత్తలేదని సువినీతకు తెలుసు. అది తన నోటినుంచే వచ్చిందని సార్‌కు తెలిసినట్టు లేదు. హల్గవెలలో ఎవరూ కులం పేరు పలకరు. పలకనక్కర్లేదు. వరిపొలానికి ఇవతల బడి, గుడి, అంగళ్ళు, రబ్బరు తోటలు. అవతల డోలు వాయించేవాళ్ళ ఇళ్ళు. 'అవతలి వాళ్ళు' అంటే చాలు, చిన్నపిల్లలకు కూడా తెలిసిపోతుంది.

"మీరే వెళ్ళి చెప్పండి టీచర్. మీ మాటంటే ఆ పిల్లకు గురి. సుమతిపాల గురున్నాన్సేకి కూడా చెప్పండి, వాద్యం మూడు నిమిషాలు చాలని. మంత్రిగారు ఎండలో ఎక్కువసేపు నిలబడలేరు."

ఆ పిల్లకు తన మాటంటే గురి. నిజమే. మూడేళ్ళ కిందట సాయంత్రం ట్యూషన్ అయ్యాక పుస్తకాలు మోసుకుంటూ వెంట నడుస్తున్న హంసమాలితో తానే అంది: "నూట ఇరవై అయిదో పండుగ నాటికి నువ్వు పరీక్ష రాసేస్తావు. మొదట రా. ఆ ఒత్తి నీదే." ఆ పిల్ల నవ్వి, "నిజంగా ఇస్తారా టీచర్?" అంది. "ఇవ్వడానికి నేనెవరిని? అది బడి ఆచారం" అంది తను గొప్పగా.

మధ్యాహ్నం తరగతులు విడిచాక సువినీత చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని పొలం గట్టు మీద నడిచింది. రాత్రి కురిసిన వానకు గట్టు జారుతోంది. అవతలి ఒడ్డున కాలువలో కాళ్ళు కడుక్కుని చెప్పులు వేసుకుంది. వెదురుపొద వెనకే సుమతిపాల ఇల్లు.

గురున్నాన్సే అంటే అక్కడ డోలు పెద్దకు పిలుపు. సుమతిపాల పెరట్లో, ఎండపడ్డ చోట, డోలును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వానలకు తోలు మెత్తబడింది. ఒక్కో తోలు పట్టీని పాదంతో తన్నిపెట్టి లాగి, ముడి బిగించి, వేళ్ళతో కొట్టి, చెవి వంచి వింటున్నాడు. టీచర్‌ని చూడగానే డోలును పడుకోబెట్టినట్టు మెల్లగా చాప మీద దించి లేచాడు.

"రండి టీచరమ్మా, రండి. దువా, కుర్చీ తే!"

కూతురు హంసమాలి కుర్చీ తెచ్చి, దాని మీది దుమ్ము కొంగుతో తుడిచింది. వెనక తీగ మీద కొత్త తెల్లచీర ఆరుతోంది. గంజి పెట్టినట్టున్నారు, గాలికి కదలకుండా అట్టలా నిలబడి ఉంది. సువినీత అటు చూడకుండా కూర్చుంది.

"అది శుక్రవారానికే" అన్నాడు సుమతిపాల, ఆమె చూడకపోయినా. "దీపం దగ్గర నిలబడాలి కదా, కొంగు కాలకుండా ఎలా పట్టుకోవాలో మొన్నటి నుంచి సాధన చేస్తోంది. ఒక చేత్తో కొంగు, ఒక చేత్తో కొవ్వొత్తి. మా ఇంట్లో కొవ్వొత్తులన్నీ అయిపోయాయి."

"నాన్నా!" అంది హంసమాలి.

"అబద్ధమా? రాత్రి కరెంటు పోతే చీకట్లో తిన్నాం."

ముగ్గురూ నవ్వారు. ఆయన కూతురి వైపు చూసి, "టీచరమ్మకు తంబిలి కొట్టివ్వు" అన్నాడు. హంసమాలి పసుపుపచ్చ కొబ్బరిగెలనుంచి లేతకాయ కోసి, కత్తితో మూడు దెబ్బల్లో మూతి తీసి రెండు చేతులతో అందించింది. సువినీతకు దాహంగా ఉంది. కాయెత్తి గడగడా తాగింది.

ఎలా మొదలుపెట్టాలో తెలియక బడి కబుర్లు చెప్పింది. పాత బడికి సున్నం వేయించామని, అందులోనే పాత ఫోటోలు పెట్టామని చెప్పింది. పాత బడి అంటే ఒకే ఒక గది. నడుం ఎత్తు మట్టిగోడ, పైన పెంకుల కప్పు, గోడకు బయట చుట్టూ అరుగు.

"ఆ అరుగు ఉంచారా?" అన్నాడు సుమతిపాల.

"ఉంచాం. దానికీ సున్నం వేశాం."

"మా అయ్య చదువంతా దాని మీదే." ఆయన మళ్ళీ చాప మీద కూర్చుని పట్టీ అందుకున్నాడు. "లోపలి పిల్లలకు వానొస్తే సెలవు, మాకు వానొస్తే స్నానం అనేవాడు. చూరు నీళ్ళు సరిగ్గా నెత్తిన పడేవట. లెక్కల్లో మహా చురుకు. లోపల మాస్టారు లెక్క చెప్పడమే ఆలస్యం, బయటి నుంచి ఈయన జవాబు అరిచేవాడు. లోపలి వాళ్ళు నోరు తెరవకముందే. దానికి మాస్టారు బయటికొచ్చి బెత్తంతో కొట్టేవాడు."

"జవాబు తప్పా?"

"ఒప్పేనమ్మా. ఒప్పు కాబట్టే దెబ్బలు." ఆయన నవ్వాడు. "అయినా నోరు ఊరుకోలేదట. చివరికి అయిదో తరగతితో మానేసి డోలు పట్టాడు. దీన్ని ఎంత గట్టిగా కొడితే అంత మెచ్చుకుంటారు కదా."

సువినీతకు అప్పుడు చెప్పేయాలనిపించింది. చెప్పేసింది. కంఠతా వచ్చిన పాఠంలా ముసలి చెయ్యి, పసి చెయ్యి, ఫోటో, నాట్యంలో ముందు వరస, మైకులో పేరు అన్నీ వరసగా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఖాళీ కాయను ఒళ్ళో తిప్పుతూనే ఉంది. ముదలాలి పేరు మాత్రం ఎత్తలేదు.

సుమతిపాల చెయ్యి పట్టీ మీద ఆగింది. కూతురి వైపు చూడలేదు. డోలు వైపే చూస్తూ, "ఊఁ" అన్నాడు.

"సరే టీచర్" అంది హంసమాలి.

"నీకు కోపంగా ఉంటే..."

"లేదు టీచర్." తీగ దగ్గరికి వెళ్ళి చీర అంచు తడిమి చూసింది. ఇంకా ఆరలేదు. అక్కడినుంచే అడిగింది: "బడి చరిత్ర మీరే రాశారు కదా. అందులో ఆ అరుగు మాట ఉందా?"

"ఉంది. మొదటి రోజుల్లో గది చాలక కొందరు పిల్లలు బయటి అరుగు మీద కూర్చుని చదువుకునేవారని రాశాను."

"గది చాలకా!" సుమతిపాల తలెత్తాడు. ఆ మాటను నోట్లోనే మరోసారి నమిలి చూశాడు. "బాగుందమ్మా. మర్యాదగా ఉంది."

బయల్దేరుతూ సువినీత మూడు నిమిషాల వాద్యం సంగతి కూడా చెప్పింది. అదొకటి మిగిలిపోతే మళ్ళీ రావాల్సి వస్తుందని భయం. సుమతిపాల తలూపాడు. "అందరూ అదే అడుగుతారు. మంగళవాద్యం పూర్తిగా వాయిస్తే మా అయ్య రోజుల్లో రెండు తాంబూలాలు నమిలే టైము పట్టేది. ఇప్పుడు ఒక ఆకు మడిచేలోపు ముగించాలి."

గట్టు మీద సగం దూరం వచ్చాక ఆమెకు ఒక సంగతి తట్టింది. తాను కూర్చున్నంతసేపూ వంటింట్లో నీళ్ళు మరుగుతున్న చప్పుడు వినిపించింది. చెక్క మీద గ్లాసులు బోర్లించి ఉన్నాయి. టీ వేళ. అయినా తనకు టీ పెట్టమని ఆయన అనలేదు. చిన్నప్పుడు తన ఊళ్ళో అమ్మ చెప్పేది: డోలు వాళ్ళ ఇంటికి వెళ్తే తంబిలి అడుగు, కాయలోని నీళ్ళకు ఎవరి చెయ్యీ తగలదు. కాదనలేక ఇబ్బంది పడే పని టీచర్‌కి లేకుండా, ఆయనే ముందుగా చూసుకున్నాడు. తను గడగడా తాగేసి వచ్చింది.

ఆమె ఆగి వెనక్కి చూసింది. వెదురుపొద అడ్డం వచ్చి ఇల్లు కనబడలేదు.

బుధవారం వ్యాసం ముందేసుకుని కూర్చుంది. 'గది చాలక' కొట్టేసి, 'కొందరు పిల్లలను బయట కూర్చోబెట్టేవారు' అని రాసింది. ఎవరిని, ఎందుకు అని ఎవరైనా అడిగితే? అడగరు, అందరికీ తెలుసు. అందరికీ తెలిసినదాన్ని రాయడమెందుకు? మళ్ళీ కొట్టేసి, 'గది చాలక' అని అంతకుముందు కంటే శుభ్రమైన అక్షరాలతో రాసి సార్‌కి ఇచ్చింది. ఆయన నిలబడే చదివి, "చక్కగా ఉంది, ఎవరి మనసూ నొప్పించకుండా" అన్నాడు.

శుక్రవారం తెల్లవారేసరికి ఎండ కాసింది. పిల్లలందరూ తెల్ల యూనిఫాంలో మైదానంలో వరసల్లో కూర్చున్నారు. పాత బడికి ఎదురుగా పందిరి వేసి, మధ్యలో దీపస్తంభం నిలబెట్టారు. ఒక పక్క ఎత్తు ఆసనం మీద పెద్ద భిక్షువు, తెల్లబట్ట కప్పిన కుర్చీల్లో మంత్రి, ముదలాలి, టికిరి మెనికే ఆచ్చి. ముదలాలి మనవరాలు తెల్లగౌనులో తాత మోకాళ్ళ మధ్య నిలబడి కాళ్ళు ఊపుతోంది. డోలు వాళ్ళకు పందిరి బయట చాప వేశారు.

సువినీత నాట్యం పిల్లల దగ్గరికి వెళ్ళి లెక్క చూసింది. ముందు వరసలో మధ్య చోటు ఖాళీగా ఉంది.

"హంసమాలి అక్క రాలేదా?"

"వచ్చింది టీచర్. అదుగో."

పాత బడి అరుగు మీద హంసమాలి కూర్చుని ఉంది. గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుంది. గోడకు ఆనుకోకుండా, పాదాలు దగ్గరగా పెట్టుకుని, చేతులు ఒళ్ళో ముడిచి, లోపల పాఠం జరుగుతుంటే వింటున్నదానిలా కూర్చుంది. ఆమె ఏ నినాదమూ చేయలేదు. ఎవరి వైపూ చూడలేదు. ఆమె పక్కనే అవతలి చిన్నపిల్లలు నలుగురు. వరసలో కూర్చోవలసిన వాళ్ళు, ఊరి అక్క అక్కడుందని లేచి వెళ్ళి చేరారు. ఒకత్తి ఆమె చీర కుచ్చిళ్ళతో ఆడుకుంటోంది.

సువినీత గబగబా దగ్గరికి వెళ్ళింది. "హంసమాలీ, ఇదేం పని? లే."

"ఇక్కడ కూర్చోకూడదా టీచర్?"

"కూర్చోకూడదని కాదు..."

"గది చాలక ఇక్కడ కూర్చున్నాం టీచర్" అంది. ఆ గొంతులో వెటకారం లేదు. అదే భరించడం కష్టమైంది.

మైకులో సువినీత పేరు పిలిచారు. శుభఘడియకు ఇంకా వ్యవధి ఉంది, ఈలోగా చరిత్ర చదవాలి. ఆమె వెళ్ళి మైకు ముందు నిలబడింది. కాగితం మీదినుంచి కళ్ళెత్తితే ఎదురుగా అరుగే కనబడుతుంది, అందుకని ఎత్తలేదు. తాటాకు కప్పుతో మొదలైన రోజులు, మొదటి గురువు, గుర్రం మీద వచ్చే తనిఖీ అధికారి, అన్నీ చదివింది. ఆ వాక్యం వచ్చింది.

"ఆ తొలి రోజుల్లో గది చాలక కొందరు పిల్లలు బయటి అరుగు మీద కూర్చుని..."

"గది చాలకేం!"

ఎవరో పెద్దగా అన్నారు. టికిరి మెనికే ఆచ్చి. చెవులు సరిగా వినబడవు కనుక ఆమె ఏం మాట్లాడినా పెద్దగానే మాట్లాడుతుంది. దీవెన కోసమని ముందే ఆమె ముందు ఒక మైకు పెట్టి ఉంచారు. అది పని చేస్తూనే ఉంది.

"తప్పు చదివావు పిల్లా. గది చాలా పెద్దది. మేం పధ్నాలుగు మందిమే. వెనకంతా ఖాళీ. మేం అక్కడ గవ్వలాడుకునేవాళ్ళం." ఆమె ముఖం సంతోషంతో వెలిగిపోతోంది. ఎన్నాళ్ళకో తనకు బాగా తెలిసిన సంగతి ఒకటి దొరికింది. "బయట కూర్చునేది అవతలి వాళ్ళు. వాళ్ళ చోటు అదే. అదుగో, ఇప్పుడూ అక్కడే కూర్చోబెట్టారు కదా. మంచిపని చేశారు నాయనా, ఏమీ మార్చకుండా అట్టే పెట్టారు."

అందరి తలలూ అరుగు వైపు తిరిగాయి. అయిదుగురు పిల్లలు. తెల్లటి అరుగు మీద తెల్లటి బట్టలు.

వెనక వరసలో ఎవడో కిసుక్కున నవ్వి, నవ్వు సగంలో మింగాడు. విమలదాస సార్ లేచి, "ఆచ్చీ, మీరు దీవించండి చాలు" అన్నాడు. ఆమెకు వినబడలేదు.

"వాళ్ళలో ఒకడుండేవాడు. మహా తెలివైనవాడు. మాస్టారు లెక్క చెప్తే చాలు, గోడ బయటి నుంచి జవాబు వచ్చేది. మేమేం చేసేవాళ్ళమో తెలుసా? మాస్టారు అడిగితే, బయటి నుంచి విన్నదే చెప్పేవాళ్ళం. మాకు మెప్పు, వాడికి బెత్తం." ఆమె పళ్ళులేని నోటితో నవ్వి, ఉన్నట్టుండి నవ్వాపింది. ఏదో పోగొట్టుకున్నదానిలా ఒళ్ళో చేతులు కదిపింది. "ఏం పేరో వాడి పేరు... నోట్లోనే ఉంది... రావట్లేదు."

సువినీత చాప వైపు చూసింది. సుమతిపాల డోలు నడుముకు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ పేరు ఆయనకు తెలుసు. పెదవులు బిగించుకుని నిలబడ్డాడు.

"శుభఘడియ అవుతోంది!" విమలదాస సార్ మైకు లాక్కున్నంత పని చేశాడు. "గురున్నాన్సే, కానివ్వండి, కానివ్వండి."

శంఖం ఊదారు. అందరూ లేచి నిలబడ్డారు. సుమతిపాల డోలుకు నమస్కరించి, భిక్షువు వైపు తిరిగి వంగి, మొదటి దెబ్బ వేశాడు.

అది ఎప్పుడూ వినే వాద్యంలాగే మొదలైంది. ఒక ఆవర్తనం అయింది. అక్కడ ముగించాలి. ఆయన ముగించలేదు. రెండోది ఎత్తుకున్నాడు. పక్కన ఉన్న జంట డోలు అతను, సన్నాయి అతను ఒకరి ముఖం ఒకరు చూసుకుని, వెంట నడిచారు. సుమతిపాల ముఖంలో కోపం లేదు, పంతం లేదు. కళ్ళు అరమోడ్చి, నోట్లో జతులు గొణుక్కుంటూ, ఒక్క అక్షరం వదలకుండా వాయిస్తున్నాడు. చెమట చెవుల వెనక నుంచి జారి తోలు మీద పడుతోంది.

మంగళవాద్యాన్ని మధ్యలో ఆపడమంటే అంతకు మించిన అశుభం లేదు. వాద్యం సాగుతుంటే ఎవరూ కూర్చోకూడదు. మంత్రి జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ముదలాలి మనవరాలు ఏడుపు మొదలుపెట్టింది. విమలదాస సార్ గడియారం చూసుకున్నాడు, జ్యోతిష్కుడి వైపు చూశాడు. జ్యోతిష్కుడు చూపు తిప్పేసుకున్నాడు. వెలిగించిన కొవ్వొత్తి ముదలాలి చేతిలో కారి, కారి పొట్టిదైపోయింది.

మూడో ఆవర్తనం నడుస్తుండగానే శుభఘడియ వచ్చింది, వెళ్ళిపోయింది.

వాద్యం ముగిసింది. పెద్ద భిక్షువు కళ్ళు తెరిచి, "పూర్తిగా విని ఎన్నాళ్ళయింది!" అన్నారు. ఆ మాటతో ఎవరికీ ఏమీ అనే వీల్లేకపోయింది. సుమతిపాల వంగి దణ్ణం పెట్టి, డోలు విప్పుకుని చాప మీద కూర్చున్నాడు.

దీపం వెలిగించారు. నాలుగో ఒత్తి ఆచ్చి వెలిగించింది. పక్కనే అయిదో ఒత్తి ముదలాలి మనవరాలు, తాత చెయ్యి పట్టి నడిపిస్తే, వెక్కుతూనే వెలిగించింది. ఫోటోలు తీశారు. హంసమాలి పేరు మైకులో చదవడం ఎవరికీ గుర్తులేదు. గుర్తున్న సువినీత నోరు తెరవలేదు. మిగిలిన చరిత్ర కాగితం ఆమె చేతిలో మడతపడి, చెమటకు తడిసి, అలాగే ఉండిపోయింది. పాలన్నం పంచేవేళకు అరుగు ఖాళీ. సున్నం మీద మాత్రం, కూర్చున్న చోట, వెలిసినట్టు మరకలు.

సోమవారం ఆమె ప్రిన్సిపల్ గదికి వెళ్ళి, వ్యాసం పండుగ పుస్తకంలో అచ్చు కాకముందే ఒక వాక్యం మార్చాలంది.

"ఆచ్చి మాటలు పట్టుకునా?" సార్ ముఖం చిట్లించాడు. ఆయన చొక్కా గుండీ ఊడింది, దాని చోట పిన్నీసు పెట్టుకున్నాడు. "ఆ వయసులో వాళ్ళు ఏదో అంటారు టీచర్. వచ్చే ఏడాది మీ ఊరికి బదిలీ కోసం అర్జీ పెట్టారు కదా. నేను మంచిమాట రాద్దామనే అనుకుంటున్నా. అనవసరంగా ఎందుకు?"

"గది ఖాళీగా ఉండేదని ఆవిడే చెప్పింది సార్. మైకులో. ఊరంతా విన్నది."

"విన్నారు. రేపటికి మర్చిపోతారు. అచ్చయింది మాత్రం మిగులుతుంది."

"అందుకే సార్."

ఆయన కాగితం తీసి సొరుగులో పెట్టి సొరుగు మూశాడు. ఆ నెలాఖరులో పుస్తకం వచ్చింది. ఆ వాక్యం అలాగే ఉంది. బదిలీ రాలేదు.

ఆ సోమవారం సాయంత్రమే ఆమె మళ్ళీ పొలం దాటింది. ఈసారి ఏమడగాలో గట్టు మీదే నిర్ణయించుకుంది. టీ అడగాలి. వాళ్ళ గ్లాసులో వాళ్ళు పోసిచ్చిన టీ, వాళ్ళ ముందు కూర్చుని తాగాలి. ఇంతకంటే చిన్న పని లేదు. ఇది కూడా ఇన్నేళ్ళూ చేయలేదు.

సుమతిపాల ఇంట్లో లేడు, పక్క ఊళ్ళో చావు ఉంటే వాయించడానికి వెళ్ళాడు. హంసమాలి గుమ్మంలో కూర్చుని కొబ్బరి ఈనెలు చీలుస్తోంది. లేచి, కుర్చీ తెచ్చి, దుమ్ము తుడిచింది. అంతా మొన్నటిలాగే.

"నేను అక్కడ నిలబడి మాట్లాడలేకపోయాను హంసమాలీ."

"తెలుసు టీచర్."

"ఆ వాక్యం మార్చమని ఇవాళ సార్‌కి చెప్పాను. మారుస్తారనుకోను."

"ఊఁ."

లోపల నీళ్ళు మరుగుతున్నాయి. టీ ఆకు వేసిన వాసన గుమ్మం దాకా వస్తోంది. సువినీత ఆ వైపు తిరిగింది. "కొంచెం టీ ఇస్తావా?"

హంసమాలి ఆమె వైపు చూసింది. ఆ చూపులో ద్వేషం లేదు. పాఠం అర్థమైపోయిన పిల్ల, ఇంకా చెప్పబోతున్న టీచర్‌ని చూసే చూపు అది. "టీ ఎందుకు టీచర్? మీకు తంబిలి అలవాటు కదా" అంది. గెల దగ్గరికి వెళ్ళింది, కాయ కోసింది, మూడు దెబ్బల్లో మూతి తీసింది, రెండు చేతులతో అందించింది.

సువినీత తీసుకుంది. ఎత్తి తాగింది.  చివరి దాకా తాగింది. తాగడం తప్ప ఇంకేం చేసినా ఆ పిల్లకు మరో అవమానం చేసినట్టవుతుంది.

ఆమె లేచి కొంత దూరం వెళ్ళాక వెనక నుంచి హంసమాలి పిలిచింది.

"టీచర్, అరుగు గురించి నాన్న మీకు అంత కథ చెప్పాడు. చరిత్రలో ఆ అరుగు మాట మీరు రాశారు కూడా. మా తాత పేరు ఏమిటని ఒక్కసారైనా అడిగారా?"

సువినీత ఆగిపోయింది. అడగలేదు.

"ఉక్కువా" అంది హంసమాలి. మళ్ళీ గుమ్మంలో కూర్చుని ఈనెలు చీల్చుకోసాగింది.

హల్గవెల బడి గోడ మీద ఆ శుక్రవారపు ఫోటో ఇప్పటికీ ఉంది. ముసలి చెయ్యి, పసి చెయ్యి, దీపం, కింద అయిదుగురి పేర్లు. పుస్తకంలో మొదటి గురువు పేరుంది, తనిఖీకి వచ్చిన దొర పేరుంది, ఆయన గుర్రం పేరు కూడా ఉంది. అరుగు మీద కూర్చుని, లోపలి వాళ్ళందరికంటే ముందు ఒప్పు జవాబు చెప్పి, చెప్పినందుకు దెబ్బలు తిన్న పిల్లవాడి పేరు ఎక్కడా లేదు. ఇక చేరదు కూడా. ఈ కథ ఇక్కడి దాకా చదివిన మీరైనా గుర్తుపెట్టుకోండి. అతని పేరు ఉక్కువా.